న్యూటన్ నిలదీసిన రెండు వచనాలు

తమిళ బైబిలు ఒకటి, తెలుగు బైబిలు ఒకటి తెచ్చి ఇలా నా పక్కన పెట్టండర్రా. మన సేత్తూరులో ఈ రెండు పుస్తకాలూ ఒకే గూట్లో దొరకడం పెద్ద వింతేం కాదు. రాజపాళయం నుంచి తెన్‌కాశి పోయే దారిలో, పడమటి కొండల కింద ఉన్న ఈ ఊళ్లలో తెలుగువాళ్లకి తరతరాలుగా ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. గలగలా తెలుగు మాట్లాడే పెద్దవాళ్లలోనే చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అందుకని ఆదివారం గుళ్లో చదివేది తమిళ వేదాగమం. ఆంధ్రా వైపు నుంచి చుట్టాలెవరైనా తెచ్చిస్తే తెలుగు పరిశుద్ధ గ్రంథం. ఇప్పుడు ఫోన్లోనే రెండూ ఉంటున్నాయనుకోండి.

సరే, యోహాను మొదటి పత్రిక తీయండి. అయిదో అధ్యాయం, ఏడో వచనం. తమిళంలో ఏముంది? పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్లు ముగ్గురు, తండ్రీ వాక్యమూ పరిశుద్ధాత్మా, ఆ ముగ్గురూ ఒకటే అన్న అర్థం ఉంది కదా. ఇప్పుడు తెలుగులో చూడండి. ఆ మాటే లేదు! ఆత్మ సాక్ష్యం సంగతి ఉంది, తర్వాతి వచనంలో ఆత్మ, నీళ్లు, రక్తం ఉన్నాయి. తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అన్న ముగ్గురి జాబితా మాత్రం మాయం.

ఇంకొకటి. తిమోతికి రాసిన మొదటి పత్రిక, మూడో అధ్యాయం, పదహారో వచనం. శరీరంతో కనిపించింది ఎవరు? తమిళంలో 'దేవుడు' అని ఉంది. తెలుగులో 'ఆయన' అని మాత్రమే ఉంది.

చూశారా, ఒకటి త్రిత్వం గురించి, ఇంకొకటి దేవుడు మనిషిగా రావడం గురించి. క్రైస్తవ సిద్ధాంతానికి రెండు కళ్లలాంటి చోట్లే ఈ తేడాలు. తెలుగువాళ్లు తీసేశారా, తమిళులు కలిపారా అని మీరు కొట్టుకోనక్కర్లేదు. ఇద్దరూ ఏ తప్పూ చేయలేదు. ఈ తగువు మన భాషలకంటే చాలా పాతది. దీన్ని పట్టుకుని వాదించినవాళ్లలో ఒకాయన్ని మీరు బళ్లో చదువుకున్నారు కూడా. చెట్టు మీంచి ఆపిల్ పడిన కథలోని ఐజాక్ న్యూటనే.

1690లో న్యూటన్ తన స్నేహితుడు జాన్ లాక్‌కి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. గురుత్వాకర్షణ గురించి కాదు. బైబిల్లో రెండు చోట్ల పాఠం చెడిపోయిందని, ఎక్కడెక్కడి ప్రతుల్లో ఏముందో ఏరి చూపిస్తూ రాశాడు. ఆ రెండు చోట్లూ ఇవే! మన తమిళ, తెలుగు బైబిళ్లు విడిపోయే ఈ రెండు వచనాలే. పేరు లేకుండా అచ్చువేయిద్దామని మొదట అనుకుని, తర్వాత వద్దని ఆపించేశాడు. ఆయన 1727లో పోయాడు, ఆ ఉత్తరం అచ్చులోకొచ్చింది 1754లో. ఎందుకంత భయం అంటారా? న్యూటన్‌కి త్రిత్వం మీద నమ్మకం లేదు. ఆ రోజుల ఇంగ్లండులో ఆ మాట పైకి అంటే ఉద్యోగం ఊడుతుంది. పైగా ఆయన కొలువు చేసేది ఎక్కడనుకున్నారు? కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీలో, అంటే త్రిత్వం పేరుతో కట్టిన కాలేజీలోనే! గురువు పట్టం పుచ్చుకోకుండా ఆ పదవిలో ఉండేందుకు 1675లో రాజుగారి దగ్గర మినహాయింపు తెచ్చుకున్నాడు.

త్రిత్వాన్ని నమ్మనివాడు చెప్పాడు కాబట్టి అది తప్పే అయి ఉంటుందని ఎవరైనా కొట్టిపారేయవచ్చు. అలా కుదరదు. ఒక వాక్యం పాత ప్రతుల్లో ఉందా లేదా అన్నది చూసినవాడి నమ్మకం మీద ఆధారపడదు, ప్రతుల మీదే ఆధారపడుతుంది. మరి ప్రతుల్ని ఎలా తూచాలి? అసలు సైన్సు అక్కడే ఉంది.

కూటాల్లో పాడుకునే పాటల్ని మనవాళ్లు నోటుబుక్కుల్లో రాసుకుంటారు కదా. ఒకావిడ ఒక చరణం పక్కన, గుర్తుకోసం, అంచులో 'రెండుసార్లు' అని రాసుకుంది అనుకోండి. ఆ నోటుబుక్కు చూసి ఎక్కించుకున్న పిల్ల అదీ పాటలో మాటే అనుకుని చరణంలో కలిపేసింది. దాన్ని చూసి ఇంకో ఆరుగురు రాసుకున్నారు. ఇప్పుడు ఏడు పుస్తకాల్లో ఆ మాట ఉంది, పాత పుస్తకాలు రెండింటిలో లేదు. ఏడు పెద్దదా రెండు పెద్దదా? లెక్కపెడితే ఏడే గెలుస్తుంది. కానీ ఆ ఏడూ ఒక్క పుస్తకం కడుపున పుట్టినవే కాబట్టి వాటి సాక్ష్యమంతా కలిపి ఒక్కటే. ఆ రెండు పాత పుస్తకాలు వేరువేరు ఊళ్లలో, ఒకదాని మొహం ఒకటి చూడకుండా పెరిగినవైతే వాటి మాటకే బరువు ఎక్కువ.

ఒకే తప్పు ఎక్కడెక్కడ ఉందో చూసి ప్రతుల వంశవృక్షం గీయడం 19వ శతాబ్దపు పండితులు నేర్పిన పని. జీవశాస్త్రంలో ఏ జంతువు ఏ జంతువుకి దగ్గరి చుట్టమో జన్యువుల్లోని మార్పులు చూసి చెబుతారే, ఇదీ అదే లెక్క. అందుకే 1998లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు కొందరు జన్యువుల కోసం తయారైన కంప్యూటర్ ప్రోగ్రాములతోనే చాసర్ కవి 'కాంటర్‌బరీ కథల' 15వ శతాబ్దపు చేతిరాత ప్రతుల వంశవృక్షం గీసి 'నేచర్' పత్రికలో అచ్చువేశారు. కొత్త నిబంధన గ్రీకు ప్రతులకి ఇలాంటి లెక్కలు జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఒక సంస్థ చేస్తోంది. కుర్ట్ ఆలాండ్ 1959లో పెట్టిన సంస్థ అది.

ఇదేదో సీమ విద్య అనుకునేరు. ఉ.వే. సామినాథయ్యర్ తాటాకు ప్రతుల కోసం ఊరూరా తిరిగి, వాటిని పోల్చి పోల్చి 1887లో 'జీవకచింతామణి' అచ్చువేసింది ఈ పద్ధతిలోనే. మన తెలుగులో సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని కూర్చోబెట్టి వేమన పద్యాల ప్రతుల్ని పక్కపక్కన పెట్టించిందీ ఇందుకే. పుణేలో భండార్కర్ సంస్థవాళ్లు మహాభారతాన్ని ఇలా జల్లెడ పట్టడానికి 1919 నుంచి 1966 దాకా పట్టింది. తర్వాత వచ్చి చేరిన భాగాన్ని మనవాళ్లు ప్రక్షిప్తం అంటారు కదా, యోహాను పత్రికలోని ఆ తమిళ వాక్యం సంగతీ అదే.

సాక్షుల్ని పిలుద్దామా? కొత్త నిబంధనకి గ్రీకు చేతిరాత ప్రతులు, ముక్కలూ చెక్కలూ కలుపుకుని, అయిదు వేలకు పైగా ఉన్నాయి. యోహాను మొదటి పత్రిక ఉన్నవి వందల్లో ఉంటాయి. వాటిలో 'పరలోకంలో ముగ్గురు' అన్న వాక్యం ఉన్నవి పట్టుమని పది దాకా. వాటిలోనూ ఆ వాక్యం చాలా శతాబ్దాల తర్వాత రాసిందే, కొన్నిట్లో అయితే అంచులో తర్వాతెవరో రాసింది. నాలుగో శతాబ్దపు సైనాయిటికస్ అనే ప్రతిలో లేదు. అదే కాలపు వాటికనస్‌లో లేదు. అయిదో శతాబ్దపు అలెగ్జాండ్రినస్‌లో లేదు. జెరోము లాటిన్ బైబిలుకి పాత ప్రతులైన ఫుల్డా, అమియాటా పుస్తకాల్లోనూ లేదు.

మరి ఎక్కడిది? మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియన్, ఆత్మ, నీళ్లు, రక్తం ఒకటిగా ఉన్నాయన్న మాటని త్రిత్వానికి వర్తింపజేసి మాట్లాడాడని చాలామంది పండితుల లెక్క. అలా చదువుకోవడం లాటిన్ గుళ్లలో అలవాటయింది. నాలుగో శతాబ్దం చివర, స్పెయిన్ దేశపు ప్రిస్కిలియన్ పేరిట నడిచే ఒక లాటిన్ రచనలో అది వాక్యంగానే కనిపిస్తుంది. అంచులోని వ్యాఖ్య అక్షరాల వరసలోకి దిగిందన్నమాట, మన 'రెండుసార్లు' లాగే. ఎవడో కుట్ర చేసి దూర్చాడని న్యూటన్ కోపగించుకున్నాడు గానీ, నాకైతే అంత దురుద్దేశం కనబడదు. భక్తి ఎక్కువై, చూపు తక్కువైన లేఖకుడు చాలు.

అచ్చు వచ్చాక కథ ముదిరింది. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో బాసెల్‌లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేస్తే అందులో ఆ వాక్యం లేదు. 1519 ముద్రణలోనూ లేదు. లాటిన్‌లో ఉన్న మాట ఎగరగొట్టాడని గోల లేచింది. 1522 మూడో ముద్రణలో చేర్చేశాడు, ఎందుకంటే ఈలోగా ఇంగ్లండులో ఒక గ్రీకు ప్రతి తేలింది. అది ఇప్పుడు డబ్లిన్ నగరంలో ఉంది, 16వ శతాబ్దపు మొదట్లో రాసింది. ఒక్క గ్రీకు ప్రతి చూపిస్తే చేరుస్తానని ఎరాస్మస్ మాట ఇచ్చి ఇరుక్కుపోయాడని ప్రసంగాల్లో చెబుతుంటారు, నమ్మకండి. దానికి ఆధారమే లేదని డి యోంగె అనే డచ్చి పండితుడు 1980లో తేల్చాడు. ప్రక్షిప్తాన్ని ఖండించే కథలో ఇంకో ప్రక్షిప్తం! ఎరాస్మస్ ముద్రణల దారిలోనే నడిచిన గ్రీకు పాఠం తర్వాత మూడొందల ఏళ్లు ఐరోపాలో చెలామణి అయింది.

ఇప్పుడు మన గూట్లోకొద్దాం. ఇవాళ్టికీ తమిళ ప్రొటెస్టంట్ గుళ్లలో వినబడే పాత అనువాదం 1871లో పూర్తయింది. సరిగ్గా పదేళ్లకి, 1881లో, వెస్ట్‌కాట్, హార్ట్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి పండితులు పాత ప్రతుల్ని తూచి కొత్త గ్రీకు పాఠం తెచ్చారు. అదే ఏడు ఇంగ్లీషు బైబిలు సవరణ కూడా వచ్చింది, అందులో ఈ వాక్యం లేదు. తెలుగు బైబిల్లో ఆరు, ఏడు, ఎనిమిది వచనాలు ఎక్కడ విరిగాయో చూస్తే అచ్చం ఆ 1881 సవరణ విరుపే. అంటే ఈ తేడా తెలుగుకీ తమిళానికీ మధ్యది కాదు, అంతకుముందుకీ ఆ తర్వాతకీ మధ్యది. 1995లో తమిళనాట కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ కలిసి తెచ్చిన 'తిరువివిలియం' తీసి చూడండి, ఆ వాక్యం అందులోనూ లేదు. 1871 నాటికే పండితుల్లో అనుమానం గట్టిగా ఉంది. కానీ గుళ్లో వందమంది నోటికొచ్చిన వాక్యాన్ని పుస్తకంలోంచి తీయడం ఆషామాషీ పని కాదు.

రెండో వచనంలో 'దేవుడు'కీ 'ఆయన'కీ అంత దూరం ఎలా వచ్చిందంటారా? ఇది మరీ తమాషా. పాతకాలపు గ్రీకు లేఖకులు 'దేవుడు' అన్న మాటని పూర్తిగా రాసేవాళ్లు కాదు. మొదటి అక్షరం, చివరి అక్షరం రాసి, నెత్తిన ఒక గీత గీసేవాళ్లు. ఆ మొదటి అక్షరం థీటా, గుండ్రటి సున్నా, మధ్యలో అడ్డగీత. ఆ అడ్డగీత, నెత్తి మీది గీత రెండూ తీసేస్తే మిగిలేది 'ఎవరైతే' అన్న అర్థమొచ్చే చిన్న మాట. రెండు గీతల తేడా అన్నమాట! సైనాయిటికస్‌లో మొదట రాసినవాడు గీతలు లేకుండానే రాశాడు, 'దేవుడు' అయ్యేలా పైన అక్షరాలు చేర్చింది శతాబ్దాల తర్వాతి చెయ్యి.

అలెగ్జాండ్రినస్ దగ్గర మాత్రం పెద్ద గొడవ జరిగింది. కొందరికి సున్నాలో గీత కనిపించింది, కొందరికి కనిపించలేదు. వెట్‌స్టెయిన్ అనే స్విస్ కుర్రాడు 1715 ప్రాంతంలో లండన్ వెళ్లి ఆ తోలుకాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆ గీత ఆ పుటది కాదు, వెనక పుటలో ఉన్న ఇంకో అక్షరం గీత ఇటు నుంచి కనబడుతోంది అన్నాడు. తర్వాత 1730లో బాసెల్‌లో ఆయన పాస్టరు ఉద్యోగం పోయింది, సిద్ధాంతం చెడగొడుతున్నాడని అనుమానం.

వెనక పుట సిరా ముందుకి ఎలా వస్తుంది? సిరా ఎలా చేసేవాళ్లో తెలిస్తే అర్థమవుతుంది. మీ అవ్వ మందుల డబ్బాలో మాచికాయ ఉండేది చూశారా? అదీ అన్నభేదీ కలిపితే చాలు. మాచికాయలో వగరు పదార్థం, టానిన్, ఉంటుంది. అన్నభేది అంటే ఇనుప లవణం. రెండూ నీళ్లలో కలిపితే మొదట పాలిపోయిన రంగే. రాసిన తర్వాత గాలి తగిలి, ఇనుము ఆక్సిజన్‌తో మారి, నల్లగా ముదురుతుంది. తోలులోకి దిగి పట్టుకుంటుంది, గోకినా పోదు. కానీ అది ఆమ్లం. వందల ఏళ్లలో తోలునే తినేస్తుంది. పలచబడిన చోట వెనక అక్షరం ముందుకి తొంగి చూస్తుంది. అలెగ్జాండ్రినస్ నిండా అలాంటి గాయాలే.

మన తాటాకుకి ఆ బాధ లేదు. ఘంటంతో గీరి, గీత మీద మసి పూసి తుడుస్తాం. మసి అంటే ఉత్త కర్బనం, దేన్నీ తినదు. కానీ తాటాకునే పురుగు తింటుంది, మన ఉక్కపోత తింటుంది. అందుకే మన దగ్గర పాత ప్రతులు అరుదు, ఈజిప్టు ఇసుకలో మాత్రం రెండువేల ఏళ్ల పపైరస్ దొరుకుతుంది. మాంచెస్టర్‌లోని రైలాండ్స్ గ్రంథాలయంలో అలాంటి పపైరస్ ముక్క ఒకటుంది. అరచేతిలో పట్టేంత, తొమ్మిది సెంటీమీటర్ల పొడుగు, ఆరు వెడల్పు. పిలాతు ముందు యేసు నిలబడిన ఘట్టం, యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం. అక్షరాల తీరు చూసి రెండో శతాబ్దపుదని ఎక్కువమంది అంటారు.

పండితులిప్పుడు కంటితో మాత్రమే చూడటం లేదు. అతినీలలోహిత కాంతి వేస్తే తోలు మెరుస్తుంది, ఇనుప సిరా ఆ కాంతిని మింగేస్తుంది, చెరిపేసిన అక్షరం కూడా నల్లగా తేలుతుంది. పరారుణ కాంతిలో దీనికి తలకిందులు. ఇనుప సిరా మాయమవుతుంది, మసి సిరా అలాగే నిలుస్తుంది. ఏ గీత ఏ సిరాతో, ఏ చేత్తో గీసిందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

వయసు చెప్పడానికి కర్బనం-14 ఉంది. బతికున్నంతకాలం మొక్కా గొడ్డూ గాలిలోంచి, మేతలోంచి దాన్ని తీసుకుంటూనే ఉంటాయి. చచ్చాక రాక ఆగిపోతుంది. ఉన్నది 5730 ఏళ్లకి సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిస్తే ఆ గొర్రె ఎప్పుడు చచ్చిందో, ఆ నార ఎప్పుడు కోశారో ఇంచుమించుగా తెలుస్తుంది. ఈ పద్ధతి కనిపెట్టిన విల్లర్డ్ లిబ్బీ మొదట్లో పరీక్షించిన వాటిలో మృతసముద్రం దగ్గర దొరికిన పాత పుస్తకపు చుట్టలకి చుట్టిన నారగుడ్డ ఒకటి. వయసు పందొమ్మిది వందల ఏళ్ల చిల్లర తేలింది, ఇటూ అటూ రెండొందల తేడాతో. ఇంకో వింత వినండి. ఎన్‌గెదీ అనే చోట 1970లో ఒక బొగ్గుముద్ద దొరికింది. కాలిపోయిన పుస్తకపు చుట్ట. ముట్టుకుంటే పొడి. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయపు బ్రెంట్ సీల్స్ బృందం ఆసుపత్రి స్కానింగు లాంటి ఎక్స్‌రే పద్ధతితో దాన్ని విప్పకుండానే, కంప్యూటర్లో పొర పొర విప్పి చదివేసింది. లేవీయకాండం! మధ్యయుగపు యూదు ప్రతుల్లో ఉన్న హల్లులే అందులోనూ ఉన్నాయి. 2016లో ఆ సంగతి అచ్చయింది.

ఇదంతా విని మీలో ఒకరు అడగాలి, అడగకపోతే నేనే అడుగుతాను. ఆ వాక్యమే పోతే త్రిత్వం పోయినట్టేనా?

నాలుగో శతాబ్దానికి వెళ్దాం. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే పెద్ద, కుమారుడు దేవుడు చేసినవాడే గాని దేవుడు కాడన్నాడు. 325లో నైసియాలో సభ పెట్టారు, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో మళ్లీ. మధ్యలో అతనాసియస్ అనే బిషప్ తన మాట కోసం అయిదుసార్లు ఊరొదిలి పోవలసి వచ్చింది. ఇంత వాదన జరిగిందా, గ్రీకు పండితులు కాగితాల మీద కాగితాలు నింపారా, అందులో ఎవ్వరూ 'పరలోకంలో ముగ్గురు' అన్న వాక్యం ఎత్తలేదు. అంత సూటి సాక్ష్యం చేతిలో ఉంటే ఎవడైనా దాచుకుంటాడా? వాళ్ల పుస్తకాల్లో అది లేదు, అంతే. అయినా వాదన నడిచింది, త్రిత్వ సిద్ధాంతం నిలిచింది. అంటే దానికి ఆధారాలు వేరే ఉన్నాయి.

ఏవో చూడండి. దేవుడు ఒక్కడే అన్నది ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం, దాన్ని ఏ అపొస్తలుడూ వదల్లేదు. యోహాను సువార్త మొదటి వచనంలోనే వాక్యం దేవుని దగ్గరుంది, దేవుడై ఉంది. ఇరవయ్యో అధ్యాయంలో తోమా యేసు ఎదురుగా నిలబడి ఆయన్ని దేవుడని పిలుస్తాడు, ఆయన కాదనడు. మత్తయి చివర బాప్తిస్మం ఇవ్వమన్న పేరు ఒకటి, చెప్పింది ముగ్గుర్ని. అపొస్తలుల కార్యాలు అయిదులో అననీయ పరిశుద్ధాత్మతో అబద్ధమాడితే పేతురు అది దేవుడితో ఆడినట్టే అంటాడు. కొరింథీయులకి రెండో పత్రిక చివర దీవెనలో ముగ్గురూ ఒకే వరసలో ఉంటారు. ఫిలిప్పీ రెండులో దేవుని రూపం గలవాడు దాసుడిగా దిగివస్తాడు. పౌలు పత్రికల ఈ భాగాలు దాదాపు 200 నాటి పపైరస్ పుస్తకంలో, ఇప్పుడు డబ్లిన్‌లో కొంత, మిషిగన్‌లో కొంత ఉన్నదాంట్లో, ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ 'త్రిత్వం' అన్న మాట పలకదు, ఆ మాట తర్వాతది. దేవుడొక్కడే, తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాదు, ముగ్గురిలో ఎవరూ తక్కువ దేవుడు కాడు. లేఖనం ఇవన్నీ చెబుతుంటే ఏదీ జారనివ్వకుండా కలిపి పట్టుకోవడానికి పెద్దలు పెట్టుకున్న పేరది. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్లు ఇవే వచనాల్ని వేరేగా చదువుతారు. వాళ్లతో మాట్లాడాలంటే ఈ వచనాల దగ్గర కూర్చోండి. మొదటి యోహాను 5:7 పట్టుకెళ్తే మొదటి నిమిషంలోనే ఓడిపోతారు, ఓడిపోవలసిందే.

ఆదివారపు బళ్లో నీళ్లూ మంచూ ఆవిరీ ఉదాహరణ చెబుతారు కదా, అదీ ఓడిపోయేదే. గడ్డకట్టిన నీళ్లు కరిగాక ఇక గడ్డ ఉండదు. ఒకడే మూడు వేషాలు మార్చినట్టు అవుతుంది. అది మూడో శతాబ్దంలో సబెల్లియస్ చెప్పిన మాట, సంఘం కాదన్న మాట. తెలివైన పిల్లలు లేచి, మూడూ ఒకేసారి ఉండే చోటు ఉంది తాతా అంటారు. నిజమే, 0.01 డిగ్రీల సెల్సియస్‌లో, 611 పాస్కళ్ల ఒత్తిడిలో, అంటే మనం పీల్చే గాలి ఒత్తిడిలో నూట అరవయ్యో వంతు దగ్గర, మంచూ నీళ్లూ ఆవిరీ ఒకే పాత్రలో నిలుస్తాయి. కానీ అక్కడ కూడా గడ్డలో ఉన్న అణువులు వేరు, ఆవిరిలో ఉన్నవి వేరు. పాత్రలో ఉన్నది మూడు భాగాలు. యేసు బాప్తిస్మం రోజున, మత్తయి మూడో అధ్యాయంలో, కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకి వచ్చాడు, ఆత్మ దిగుతోంది, తండ్రి మాట్లాడుతున్నాడు. ఒకరితో ఒకరికి మాటుంది, ప్రేమ ఉంది. నీళ్లకి మంచుతో మాటల్లేవు. సైన్సుని సైన్సులా చెప్పుకుందాం, దాన్ని లాక్కొచ్చి సిద్ధాంతానికి కాపలా పెట్టొద్దు.

ఇక న్యూటన్. యోహాను వచనం విషయంలో ఆయనదే ఒప్పు, ఇవాళ పాఠ పండితుల్లో దాదాపు ఎవరూ కాదనరు. తిమోతి వచనంలోనూ పాత ప్రతులు ఆయన వైపే ఎక్కువ. కానీ ఈ రెండూ పీకేస్తే త్రిత్వం ఊడిపోతుందన్న ఆశ ఉందే, అది ప్రతుల్లోంచి వచ్చింది కాదు. తెలుగు బైబిల్లో 'ఆయన' అనే ఉంది కదా, చదవండి. శరీరంతో ప్రత్యక్షమైనవాడు, ఆత్మవల్ల నీతిమంతుడని తేలినవాడు, దూతలకి కనిపించినవాడు, చివరికి మహిమలోకి వెళ్లినవాడు. శరీరంతో 'ప్రత్యక్షం' కావాలంటే అంతకుముందే ఎక్కడో ఉండాలి కదా. మీరు ఫలానా రోజున పుట్టారంటాం గానీ ప్రత్యక్షమయ్యారనం. రెండు గీతలు చెరిగినా ఆ ప్రశ్న చెరగలేదు.

అదే కేంబ్రిడ్జి నుంచి ఇంకో గణితం మనిషి మన వైపే వచ్చాడు. థామస్ గజెటన్ రాగ్లాండ్, 1841 గణిత పరీక్షలో కేంబ్రిడ్జి మొత్తానికి నాలుగోవాడు. కేంబ్రిడ్జి వదిలి మద్రాసు వచ్చి, 1854 నుంచి ఫెన్, మెడోస్ అనే ఇద్దరు తోటివాళ్లతో ఉత్తర తిరునెల్వేలి ఊళ్లలో డేరాలు వేసుకుని తిరిగాడు. ఎండకి, దగ్గుకి ఒళ్లు గుల్లయింది. 1858 అక్టోబరు 22న శివకాశిలో, నెత్తురు కక్కుకుని పోయాడు. నలభై మూడేళ్లు. న్యూటన్ చదివిన ఊళ్లోనే లెక్కలు చదివి, ఆ లెక్కలు తెలిసీ త్రిత్వాన్నే ప్రకటించాడు. కాబట్టి లెక్కలు వచ్చినవాడు ఫలానా పక్షమే ఉంటాడని ఎవరైనా అంటే ఈ ఇద్దరి పేర్లూ చెప్పండి.

బైబిలు మార్చేశారట కదా అని మీ స్నేహితులెవరైనా అడిగితే మొహం చాటేయకండి. ఫలానా చోట ఫలానా వాక్యం తర్వాత చేరిందని మనమే వేలు పెట్టి చూపించగలుగుతున్నాం. ఎలా? ప్రతులు ఒక్కచోట, ఒక్కరి చేతిలో ఉండిపోలేదు కాబట్టి. ఈజిప్టులో, సిరియాలో, రోములో, ఆర్మీనియాలో విడివిడిగా రాసుకున్నారు. ఒకచోట తప్పు దొర్లితే ఇంకోచోటి ప్రతి పట్టిస్తుంది.

ఇప్పుడు మీకో పని. సైనాయిటికస్ పుటలన్నీ 2009 నుంచి ఇంటర్నెట్టులో ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. మార్కు సువార్త చివరి పుట తెరవండి. గ్రీకు రాకపోయినా ఫరవాలేదు, పదహారో అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర రాత ఆగి, కింద ఖాళీ కనిపిస్తుంది. మన తమిళ బైబిలూ తెలుగు బైబిలూ రెండూ అక్కడ ఆగవు, ఇరవయ్యో వచనం దాకా వెళ్తాయి. ఆ పన్నెండు వచనాలకి ఏ సాక్షులు ఉన్నారు, ఏ సాక్షులు లేరు, యేసు లేచాడన్న మాట ఆరో వచనంలోనే వచ్చేసిందా లేదా, కొరింథీయులకి మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో పౌలు ఎవరెవరి పేర్లు చెబుతున్నాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకురండి. కాగితం అంచులో మాత్రం ఏమీ రాయకండర్రా.